ఆరో అడుగు

ప్రొఫీరా తీసిన పరీక్ష ప్రశ్నల చీటీ మీద పదకొండు అని ఉంది.

ఆమె దాన్ని కిటికీ వెలుతురుకు పట్టి చదివింది. ఒకటో ప్రశ్న: వృత్తం, వ్యాసార్థం, జ్యా, చాపం నిర్వచించండి. రెండో ప్రశ్న: ఇచ్చిన వృత్తంలో క్రమ షడ్భుజిని గీయండి.

నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కోవాల్సి వచ్చింది. వృత్తంలో ఆరు సమానమైన భుజాలు. అంటే పీపాకు మూత కొలవడం. వైన్ ఫ్యాక్టరీ పీపాల షెడ్డులో పద్నాలుగేళ్లుగా ఆమె చేస్తున్న పని అదే. పీపా లోపలి అంచున చెక్కిన గాడిలో కంపాసు మొన పెట్టి చుట్టూ అడుగులు వేసుకుంటూ పోవాలి. ఆరో అడుగు సరిగ్గా మొదలుపెట్టిన చోటే పడేదాకా కంపాసు కాళ్లను దగ్గరకో దూరానికో జరుపుతుండాలి. పడిందంటే, అదే కంపాసుతో ఓక్ పలకల మీద మూత గీసి కోస్తే గాడిలో చుక్క కారకుండా కూర్చుంటుంది.

"సిద్ధమేనా?" అని అడిగింది లెక్కల టీచరు ఇరైదా మత్వేయెవ్నా. ఆమె ముందు ఆకుపచ్చ బట్ట పరిచిన బల్ల, దాని మీద బోర్లించిన మిగతా చీటీలు, పరీక్షకు వచ్చినవాళ్లు తెచ్చిన పియోనీ పూలు. పక్కన జిల్లా నుంచి వచ్చిన బట్టతల పెద్దమనిషి పెన్ను విప్పి కూర్చున్నాడు.

"సిద్ధమండీ."

పనివాళ్ల బడిలో ప్రొఫీరాకు మిగిలింది ఈ ఒక్క పరీక్షే. చరిత్ర, భాష, అంకగణితం అన్నీ దాటింది. షెడ్డు పెద్ద హరలంపీ శనివారం రిటైరవుతున్నాడు. తన చోటుకు ప్రొఫీరా పేరు రాసిచ్చాడు. కానీ ఈ ఏడాది నుంచి షెడ్డు పెద్దకు ఎనిమిదో తరగతి సర్టిఫికెట్ ఉండాలన్నారు. లేకపోతే ఆ చోటు సావిన్‌ది. సావిన్ వచ్చి రెండేళ్లే అయినా అతని దగ్గర ఆ కాగితం ఉంది. మూతలు ఇకమీదట పట్నంలో మిషను మీద కోయిస్తానని, చేత్తో చేసేవాళ్లు సీసాలు కడిగే హాలుకు వెళ్లొచ్చని ముందే చెప్పేశాడు. షెడ్డు మొత్తంలో చేత్తో మూతలు చేసేది ప్రొఫీరా ఒక్కతే.

బోర్డు దగ్గరున్న చెక్క కంపాసు వదులుగా ఉంది. ఆమె బొటనవేలితో మర బిగించి, సుద్దముక్క మొనను రెండుసార్లు రాకి, ఒక్క తిప్పులో వృత్తం గీసింది. చివరి గీత మొదటి గీతలో ఎక్కడ కలిసిందో కనిపించలేదు. కాళ్లు కదపకుండా కంపాసును వృత్తం మీదికి తెచ్చి అడుగులు వేసింది. ఒకటి. రెండు. మూడు. నాలుగు. ఐదు.

ఆరో అడుగుకు ముందు ఊపిరి బిగబట్టి, గబుక్కున శిలువ గుర్తు వేసుకుంది.

బట్టతలాయన పెన్ను ఆగిపోయింది. సోవియట్ బడిలో, పరీక్ష బోర్డు ముందు అలాంటి పని అంతకుముందు ఎవరూ చేసి ఉండరు. ఆరో అడుగు మొదటి చుక్కలో పడింది. ప్రొఫీరా ఊపిరి వదిలింది.

"దేవుణ్ణి ఎందుకు పిలిచారు?" ఇరైదా మత్వేయెవ్నా గొంతులో కోపం లేదు. అదే మరీ భయపెట్టింది.

"అలవాటండీ. మా షెడ్డులో ఆరో అడుగు ముందు ఎప్పుడూ అంతే. మా పెద్దాయన నేర్పాడు."

"ఆరో అడుగు ఎక్కడ పడుతుందో మీకు తెలియదా?"

"తెలుసండీ. మొదలుపెట్టిన చోటే."

"తెలిస్తే భయమెందుకు?"

టీచరు లేచి వచ్చి, రెండు చుక్కల మధ్య తిన్నగా ఒక గీత గీసింది. "ఇదేమిటి?"

"అడుగు."

"పుస్తకంలో?"

"జ్యా."

టీచరు చూపుడు కర్ర అవే రెండు చుక్కల మధ్య వంపు వెంట నడిచింది. "ఇది?"

"చాపమండీ."

"రెండిటికీ తేడా?"

"పేరేనండీ తేడా. పొడవు ఒకటే. కంపాసు ఒకటే కదా. ఈ చుక్క నుంచి ఆ చుక్కకి ఒకడుగు."

"రెండూ సమానమంటారా?"

"సమానమేనండీ."

బట్టతలాయన టీచరు వైపు వంగాడు. గొంతు తగ్గించాననుకున్నాడు గానీ గదంతా వినబడింది. "మూడిచ్చి పంపేయండి. పాత కార్మికురాలు. మనదేం పోతుంది?"

ఇరైదా మత్వేయెవ్నా ఆయన వైపు చూడలేదు. పుస్తకంలో ఒక అంకె వేసి, సిరా ఆరేదాకా ఆగింది. "రెండు. శుక్రవారం పది గంటలకు మళ్లీ రండి."

ఐదింట్లో మూడైతే పాస్, రెండంటే తప్పినట్టు. ప్రొఫీరా సుద్ద అంటిన చేతులు పావడాకు తుడుచుకుంది. "నేను గీసినదాంట్లో వంకర ఉందాండీ?"

"లేదు. ఇంత చక్కటి వృత్తం నేను కూడా గీయలేను."

"మరి?"

"శుక్రవారం," అంది టీచరు.

మెట్ల కింద అగాపియా కాచుకుని ఉంది. ఇద్దరూ పక్కపక్క ఇళ్లవాళ్లు. అగాపియాది సీసాల హాలు. పొద్దున ప్రొఫీరా బూటులో మడమ కింద ఐదు కోపెక్కుల నాణెం పెట్టింది ఆమే. అది కింద ఉంటే ఐదు మార్కులు వస్తాయని ఊళ్లో ప్రతి తల్లీ పిల్లలకు పెట్టి పంపుతుంది.

"నాణెం పనిచేసిందా?"

ప్రొఫీరా బూటు విప్పి నాణెం ఆమె చేతిలో పెట్టింది. "రెండొచ్చింది."

"సగం కూడా రాలేదన్నమాట." అగాపియా నాణేన్ని రుమాలు కొసకు ముడేసుకుంది. "పోన్లే. నీ కాలికి పట్టే రబ్బరు బూట్లు ఒక జత దాచిపెట్టాను. మా హాల్లో పొద్దున ఎనిమిదయ్యేసరికి నీళ్లు చీలమండ దాకా ఉంటాయి."

బుధవారం ఆమె షెడ్డుకు వచ్చేసరికే కబురు వచ్చేసింది.

హరలంపీ చెక్కను కాళ్లతో బిగించిపట్టే గుర్రపు బల్ల మీద కూర్చుని పీపా పలకను చిత్రిక పడుతున్నాడు. తల ఎత్తలేదు. "వృత్తం గీయలేకపోయావా ఏంటమ్మా?"

"గీశాను బాబాయ్."

"ఆరడుగులూ పడ్డాయా?"

"పడ్డాయి. అడుగుకు రెండు పేర్లున్నాయట. ఆ రెండు పేర్లకీ తేడా ఉందట."

"ఏం తేడా?"

"తెలిస్తే మార్కొచ్చేది కదా."

హరలంపీ మీసం మీది రంపపు పొట్టు దులుపుకున్నాడు. "నాలుగో క్లాసు చదివినవాణ్ణి యాభై రెండేళ్లుగా పీపాలు కడుతున్నాను. ఒక్క పీపా కూడా నన్ను పేరు అడగలేదు."

ప్రొఫీరా కంపాసు తీసుకుని తన పనిలో పడింది. పలకల మధ్య జమ్ము ఆకు పేర్చి, చెక్కమేకులతో బిగించి, మూత చుట్టూ అంచు చెక్కింది. చేతులు పని చేస్తున్నాయి. తల మాత్రం బోర్డు దగ్గరే ఆగిపోయింది.

పది గంటలకు సావిన్ ఒక కాగితం తెచ్చి గోడకు మేకుతో కొట్టాడు. అరవై రెండో సంవత్సరం కోతలకు పన్నెండు పెద్ద తొట్లు కట్టాలి. ఒక్కోటి రెండు మీటర్ల వెడల్పు. తొట్టికి కింది వరసలో రెండు లావుపాటి ఇనుప పట్టీలు, మొత్తం ఇరవై నాలుగు. ఆ రకం ఇనుము ఏడాదికి ఒక్కసారి వస్తుంది. అది చుట్టలుగా చుట్టి షెడ్డు ముందే పడి ఉంది.

"తొట్లు కట్టకుండానే పట్టీలెందుకు?" అన్నాడు హరలంపీ. "కట్టినాక చుట్టూ తిప్పి, సుద్దతో గీసి కోసుకుంటాం కదా ఎప్పుడూ."

"ఒక్కో తొట్టి చుట్టూ తిరుగుతూ కూర్చుంటే ద్రాక్ష తీగ మీదే ఎండిపోతుంది పెద్దాయనా. కాగితం మీద తేల్చేశాను. మధ్య నుంచి బయటి అంచుకి ఒక మీటరు, అదే కంపాసు అడుగు. చుట్టూ ఆరడుగులు, కాబట్టి ఆరు మీటర్లు. అతుకుకి పది సెంటీమీటర్లు. రేపు పన్నెండింటికి లారీ వస్తుంది. పట్నంలో మిషను మీద కోయించి తెస్తాం. సగం రోజు పని."

హరలంపీ వేళ్ల మీద లెక్కపెట్టి తలూపాడు. "ఆరడుగులే. సరిగ్గానే ఉంది."

ప్రొఫీరా కూడా తలూపింది. షెడ్డులో ఎవరినడిగినా అదే చెబుతారు.

మధ్యాహ్నం భోజనాల వేళ ఆమె పచ్చి ఉల్లికాడలు, గొర్రె జున్ను, మొక్కజొన్న పిండితో వండి చల్లార్చిన మామాలీగ ముక్కలు మూట విప్పుకుని, పూర్తయిన మూత మీదే పుస్తకం తెరిచింది. టీచరు తన మీద ఊరికే పేచీ పెట్టిందని తేల్చుకోవాలని ఆమె పట్టుదల. పుస్తకంలో ఇలా ఉంది: వృత్తం మీది రెండు బిందువులను కలిపే రేఖాఖండం జ్యా. ఆ రెండు బిందువుల మధ్య ఉన్న వృత్తభాగం చాపం.

"ఒకటే కదా," అనుకుంది.

మూత సరిచూడటానికి దాని అంచున కంపాసుతో వేసిన ఆరు చుక్కలు ఇంకా ఉన్నాయి. ఒక జనపదారం తీసి, రెండు చుక్కల మధ్య బిగుతుగా లాగి, చివర గోళ్లతో నొక్కిపట్టింది. అదే దారాన్ని మొదటి చుక్క నుంచి అంచు వంపు వెంట జాగ్రత్తగా అద్దుకుంటూ వచ్చింది.

దారం రెండో చుక్కను చేరలేదు.

జారిందనుకుంది. దారాన్ని ఉమ్మితో తడిపి మళ్లీ పెట్టింది. మళ్లీ అంతే. ఒక వేలు పట్టేంత ఖాళీ. పక్కనున్న రెండు చుక్కల దగ్గర చూసింది. అక్కడా వేలెడంతే. ఆరు చోట్లా ఆరు వేళ్లు.

నోట్లో పెట్టుకున్న మామాలీగ నమలడం మరిచిపోయింది. తల మెల్లగా గోడ వైపు తిరిగింది.

చుట్టూ ఆరడుగులు, కాబట్టి ఆరు మీటర్లు.

రెండు మూరల వెడల్పు లేని ఈ మూతకే ఆరు వేళ్లు తక్కువ. రెండు మీటర్ల తొట్టికి ఎంత? ఆమె పుస్తకం పేజీలు గబగబా తిప్పింది. పరిధి అంటే వ్యాసార్థాన్ని రెండుతో, ఆ పైన మూడు పాయింటు పద్నాలుగుతో హెచ్చించాలి. చలికాలమంతా ఆ సూత్రాన్ని పదిసార్లు కాపీ రాసింది. కానీ ఆ అంకెలు పుస్తకంలో ఉండేవి, పీపాలు షెడ్డులో ఉండేవి. అవి రెండూ ఒకదాన్నొకటి చూసుకోవడం ఇదే మొదటిసారి. పెన్సిలు తీసి ఓక్ ముక్క మీద లెక్క వేసింది. ఆరు మీటర్ల ఇరవై ఎనిమిది. జానెడు మీద నాలుగు వేళ్లు తక్కువ. ఇరవై నాలుగు పట్టీలకూ.

ఇనుము పొడుగైతే కోసుకోవచ్చు. పొట్టిదైతే ఏం చేస్తారు?

సావిన్ లారీ కాగితాలు రాసుకుంటున్నాడు. ఆమె చెప్పింది సగమే విన్నాడు. "నిన్న బోర్డు దగ్గర రెండూ సమానం అన్నది ఎవరక్కా? నేనా?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

"నేనే. తప్పుగా అన్నాను."

"ఇవాళ ఒప్పైపోయిందా?"

"దారం ఇదిగో. నువ్వే పెట్టి చూడు. మూడు పాయింటు పద్నాలుగు గుర్తుందా నీకు?"

"పరీక్షైన మర్నాడే మరిచిపోయాను. అందరిలాగే. తాతల నాటి నుంచి ఈ షెడ్డులో ఆరడుగులంటే ఆరడుగులే. నీ దారం సాగిపోయి ఉంటుంది."

ఆమె డైరెక్టర్ గది దాకా వెళ్లింది. డైరెక్టర్ బొటెజాతు నిలబడే విన్నాడు. "కామ్రేడ్ ప్రొఫీరా, సర్టిఫికెట్ ఉన్నవాడు ఒక లెక్క ఇచ్చాడు. నేను సంతకం పెట్టాను. ఇప్పుడు జామెట్రీలో రెండు తెచ్చుకున్నావిడ చెప్పిందని లారీని ఆపాలా?"

"ఒక్కసారి కొలవనీయండి చాలు."

"కొలిచి, తప్పు నీదేనని తేలితే? షెడ్డులో గొడవ చేసిన మనిషిని పెద్దని చేయడం కుదరదు. శుక్రవారం నువ్వు పాసైనా సరే." ఆయన టోపీ పెట్టుకున్నాడు. "ఆలోచించుకో."

ఆమె ఆలోచించుకుంది. గురువారం పొద్దున షిఫ్టు మొదలవకముందే దారాన్ని, లెక్క వేసిన ఓక్ ముక్కను హరలంపీ చేతికిచ్చింది.

ముసలాయన మూత మీద మూడుసార్లు పెట్టి చూశాడు. నాలుగోసారి కళ్లజోడు తుడుచుకుని చూశాడు. "ఈ వేలెడు ఇన్నాళ్లూ ఎక్కడ దాక్కుందే?"

"మనం ఎప్పుడూ పట్టీని చుట్టి కొలిచాం బాబాయ్. లెక్కేసి కొలవలేదు. అందుకే కనబడలేదు."

"కంపాసు ఇక్కణ్ణుంచి ఇక్కడికి దూకుతుంది." ఆయన వేలు గాలిలో తిన్నగా కదిలింది. "పట్టీ దూకలేదు. నడిచే పోవాలి."

పన్నెండింటికి లారీ వచ్చింది. ఇనుప చుట్టల మీద హరలంపీ కూర్చుని పైపు వెలిగించుకుంటున్నాడు.

"తాతా, లే," అన్నాడు డ్రైవరు.

"శనివారం సాయంత్రం దాకా ఇక్కడ పెద్దని నేను. అప్పుడు రా. కావాలంటే నన్ను కూడా కలిపి ఎత్తుకుపో."

డ్రైవరు హారన్ కొట్టాడు. సావిన్ పరిగెత్తుకొచ్చాడు. డైరెక్టర్ మెట్లు దిగాడు. సీసాల హాలు తలుపులో తడి ఏప్రాన్లు కట్టుకున్న ఆడవాళ్లు గుమిగూడారు. అప్పుడే షెడ్డు మూల నుంచి పెద్ద చక్రం లాంటిది దొర్లుకుంటూ వచ్చింది. విప్పేసిన పాత తొట్టి అడుగుభాగపు చెక్క అది. మనిషి ఎత్తును మించిన ఆ చెక్కను ప్రొఫీరా, ఇంకో ఇద్దరు పనివాళ్లు భుజాలు ఆనించి తోసుకొచ్చారు. ఆవరణ మధ్యలో దిమ్మల మీద పడుకోబెట్టారు.

"సావిన్," అంది ప్రొఫీరా, "దీన్ని నువ్వే కొలువు. నీ టేపుతో."

సావిన్ డైరెక్టర్ వైపు చూశాడు. డైరెక్టర్ గడియారం చూసుకుని తల ఆడించాడు. సావిన్ వంగి కొలిచాడు. "మధ్య నుంచి అంచుకి మీటరు."

"చుట్ట విప్పి ఆరు మీటర్ల దగ్గర గీత పెట్టు. అదీ నువ్వే."

హరలంపీ లేచి పక్కకు జరిగాడు. సావిన్ పట్టీని నేల మీద పరిచి, టేపు రెండుసార్లు లాగి, సుద్దతో గీత పెట్టాడు. కోయలేదు. నలుగురు కలిసి ఆ పట్టీని చెక్క చుట్టూ వంచారు. లావు ఇనుము ఎదురు తన్నుతోంది. ప్రొఫీరా మొదటి కొసను మోకాలితో అదిమిపట్టింది. మిగతావాళ్లు అంచుకు ఒత్తుకుంటూ, సుత్తితో తట్టుకుంటూ చుట్టూ తిరిగి వచ్చారు.

సుద్దగీత మొదటి కొసకు ఇవతలే ఆగిపోయింది.

"గట్టిగా లాగండి," అన్నాడు సావిన్.

లాగారు. గీత కదల్లేదు.

అగాపియా ఆడవాళ్ల గుంపులోంచి బయటకొచ్చింది. ఏప్రాన్ జేబుల్లోంచి కడిగిన సీసాలు ఒక్కొక్కటీ తీసి, గీతకూ కొసకూ మధ్య నిలబెట్టింది. ఒకటి. రెండు. మూడు. నాలుగోది పట్టలేదు. "ఇది మాకు తెలిసిన కొలత," అంది.

ఈసారి నవ్విన వాళ్లెవరూ ప్రొఫీరా వైపు చూసి నవ్వలేదు.

సావిన్ గొంతుక్కూర్చుని, సీసాలు పక్కకు జరిపి, ఖాళీని టేపుతో కొలిచాడు. మళ్లీ కొలిచాడు. "ఇరవై ఎనిమిది," అన్నాడు. హరలంపీ చొక్కాలోంచి ఓక్ ముక్క తీసి డైరెక్టర్‌కి చూపించాడు. దాని మీద బుధవారం నాటి పెన్సిలు రాతలో అదే అంకె ఉంది.

డైరెక్టర్ టోపీ తీశాడు, మళ్లీ పెట్టుకున్నాడు. "ఇరవై నాలుగు పట్టీలు," అన్నాడు తనలో తానే. కోతల్లో వచ్చే పండ్ల రసమంతా ఏ తొట్లలో పోసేవాడో ఆయన కళ్ల ముందు కనబడుతున్నట్టే ఉంది.

"నాకు జామెట్రీలో ఐదొచ్చింది," అన్నాడు సావిన్. ఎవరితోనో కాదు, ఇనుముతో చెబుతున్నట్టు.

"నాకు రెండొచ్చింది," అంది ప్రొఫీరా. "మంగళవారం జాలిపడి మూడిచ్చుంటే నేనూ నీలాగే తలూపి ఊరుకునేదాన్ని."

సావిన్ లేచి, గోడ మీద కాగితం ఊడదీసి, వెనక్కి తిప్పి, పెన్సిలుతో సహా ఆమెకిచ్చాడు. ఆమె తొట్టి చెక్క మీదే పెట్టి రాసింది. ఆరు మీటర్ల ఇరవై ఎనిమిది, అతుకుకి పది, మొత్తం ఆరు మీటర్ల ముప్ఫై ఎనిమిది. డైరెక్టర్ ఈసారి సంతకానికి ముందు మొత్తం చదివాడు.

"రేపు పరీక్ష ఎన్నింటికి?" అని అడిగాడు.

"పదికండీ."

"నా జీపు తొమ్మిదిన్నరకు మీ ఇంటి ముందుంటుంది."

శుక్రవారం ఆమె బూటులో నాణెం లేదు. అగాపియా పెట్టబోతే వద్దంది. చీటీ నంబరు నాలుగు. ఆసన్న కోణాలు, శీర్షాభిముఖ కోణాలు. ప్రొఫీరా రెండు రేఖలు ఒకదాన్నొకటి ఖండించుకునేలా గీసింది. ఈ కోణానికీ ఆ కోణానికీ పక్కనున్న కోణం ఒకటే, దానితో ఏది కలిపినా నూట ఎనభై డిగ్రీలే కాబట్టి, ఎదురెదురు కోణాలు సమానమని చెప్పింది. బట్టతలాయన తలూపి పెన్ను మూత పెట్టబోయాడు.

"అదనపు ప్రశ్న," అంది ఇరైదా మత్వేయెవ్నా. "జ్యా, చాపం. రెండూ సమానమా?"

ప్రొఫీరా కంపాసు అందుకుంది. మర ఈసారి బిగించి ఉంది. ఎవరో బాగుచేశారు. వృత్తం గీసి అడుగులు వేసింది. ఐదో అడుగు తర్వాత బట్టతలాయన మెడ సాచి ఆమె కుడిచేయి వైపు చూశాడు. ఆ చేయి కంపాసు వదల్లేదు. ఆరో అడుగు పడింది.

"సమానం కాదండీ. రెండు బిందువుల మధ్య తిన్నని దారే అన్నిటికన్నా పొట్టిది. జ్యా తిన్నగా పోతుంది. చాపం చుట్టూ తిరిగిపోతుంది. కాబట్టి చాపమే పొడుగు. ఇక్కడ కంపాసు జ్యానే కొలుస్తుంది. చాపాన్ని కొలవదు."

"సరిగ్గా ఆరే ఎందుకు పడ్డాయి?"

ఈ ప్రశ్నకే ఆమె నిన్న సాయంత్రమంతా వంటింటి బల్ల దగ్గర కూర్చుంది. పక్కపక్కనున్న రెండు చుక్కల నుంచి కేంద్రానికి గీతలు గీసింది. "ఈ రెండూ వ్యాసార్థాలు. మూడోది జ్యా. అదీ కంపాసు కాళ్లు కదపకుండా వేసిందే, అంటే వ్యాసార్థమంతే. మూడు భుజాలూ సమానం. సమబాహు త్రిభుజం. అందులో ప్రతి కోణమూ అరవై. కేంద్రం చుట్టూ మూడు వందల అరవై. ఆరు అరవైలు. ఏడోదానికి చోటు లేదు, ఐదింటితో నిండదు." సుద్ద కింద పెట్టింది. "అందుకే మొదలుపెట్టిన చోటే పడుతుంది. పడక తప్పదండీ."

ఇరైదా మత్వేయెవ్నా కళ్లజోడు తీసింది. "ఐదు," అంది.

"రెండోసారి వచ్చినవాళ్లకు మూడు మించకూడదు," అన్నాడు బట్టతలాయన. "రూలు."

టీచరు ఆయన్ని ఒక క్షణం చూసి, మూడు వేసింది. సిరా ఆరేదాకా ఆగలేదు. "ప్రొఫీరా గారూ, ఏదో దారంతో కొలిచి చూశారట. ఊరంతా చెప్పుకుంటున్నారు. అది మీ దగ్గరుందా?"

ప్రొఫీరా జేబులోంచి తీసి ఇచ్చింది. టీచరు బోర్డు దగ్గరకెళ్లి, రెండు చుక్కల మధ్య దారం బిగించి, వంపు వెంట పరిచింది. చివర మిగిలిన ఖాళీని గోటితో తాకి చూసింది. "ఇరవై ఏళ్లుగా నిరూపిస్తున్నాను," అంది. "ఒక్కసారి కూడా కొలవలేదు." ఆ దారాన్ని సుద్ద పెట్టెలో దాచుకుంది.

షెడ్డులో హరలంపీ బోర్లించిన పీపా మీద కూర్చుని ఉన్నాడు. పనిముట్లన్నీ తుడిచి వరసగా పేర్చాడు. "ఎంత?"

"మూడు."

"చాలు. మూడు కాళ్ల పీట ఎక్కడ వేసినా కదలదు."

అగాపియా రబ్బరు బూట్లు చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడింది. "మరివి ఏం చేయను? సావిన్‌కి ఇవ్వనా?"

"నాకు బిగుతు," అన్నాడు సావిన్ మూల నుంచి. బల్ల మీద తన వస్తువులు సర్దుకుంటున్నాడు.

"సర్దకు," అంది ప్రొఫీరా. "కాగితం మీద పీపా కట్టడం నీకు వచ్చు. అది మాకు కావాలి. చుట్టూ ఎంతో మాత్రం ఇద్దరం కలిసి తేలుద్దాం."

సావిన్ తాను తీసిన టేపును మళ్లీ మేకుకు తగిలించాడు.

హరలంపీ ఒక కొత్త మూతను ఒళ్లో పెట్టుకున్నాడు. "ఇప్పుడు చెప్పమ్మా. ఐదు ఎందుకు కాదు? ఏడు ఎందుకు కాదు?"

ఆమె సుద్దతో మూత మధ్యలో చుక్క పెట్టింది. రెండు గీతలు గీసింది, వాటి కొసలు కలిపింది. భుజాలు చూపించింది. కోణాలు చెప్పింది. మధ్యలో ఆయన ఆపి, కంపాసును మూడు భుజాల మీదా ఒక్కొక్కటిగా పెట్టి చూసుకున్నాడు. "మూడు పక్కలా కంపాసే," అన్నాడు. పక్కనే ఇంకో త్రిభుజం ఆయనే గీశాడు. దాని పక్కన ఇంకోటి. ఆరోది గీసేటప్పుడు గీతలు రెండూ ముందే ఉన్నాయి, కొసలు కలపడం ఒక్కటే మిగిలింది.

తర్వాత ఇంకో మూత అడిగి తీసుకున్నాడు. దాని మీద చుక్కలు లేవు. కంపాసును మధ్య నుంచి అంచుకి చాచి, మర బిగించి అడుగులు వేశాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. సావిన్ దగ్గరకొచ్చి వంగి చూస్తున్నాడు. ముసలాయన ఊపిరి బిగబట్టలేదు, చేయి ఆపలేదు. ఆరో అడుగు మొదటి చుక్కలో దిగింది.

అప్పుడు ఆయన కంపాసు ప్రొఫీరా చేతిలో పెట్టి, తీరిగ్గా శిలువ గుర్తు వేసుకున్నాడు.